సీసాలు పాతే ముందు ఎండ ఎటునుంచి వస్తోందో చూడు

అమ్మలూ,

గుణుపురంలో మీ కొత్తింటి పెరడు ఫోటోలు చూశాను, బంతి మడి చుట్టూ రంగు సీసాలతో బోర్డర్ కడతానన్నావు కదా, తప్పకుండా కట్టు. కానీ గునపం పట్టుకునే ముందు ఒక రెండ్రోజులు ఉత్తినే చూడు, పొద్దున్న ఎండ ఎటు పడుతోంది, సాయంత్రం ఎటు పోతోంది, నువ్వు టీ తాగడానికి ఎక్కడ కూర్చుంటావు అని. ఏటంటే గాజుకి అందం వచ్చేది వెలుగు దాన్లోంచి దూరి మన కంటికి వచ్చినప్పుడే, ఎండ మన వీపు వెనకాల ఉందంటే ఎంత మంచి సీసా అయినా నల్లగా, జీవం లేకుండా ఉంటాది. నువ్వు వెనక గుమ్మంలో పొద్దున్న కూర్చునేదానివైతే వరస నీకు తూర్పున ఉండాలి, సాయంత్రం అయితే పడమట. సీసాల వెనక మందారం లాంటి గుబురు మొక్క మాత్రం పెట్టకు, వెలుగంతా అదే తినేస్తాది.

మీ అత్తగారు బీరు సీసాలు గుమ్మంలోకి రానివ్వనంటున్నారని రాశావు. ఆవిడ బాధ నాకు అర్థమైంది, వీధిలో నలుగురూ ఏమనుకుంటారో అని. ఆవిడతో వాదించకు, మూతి కిందకి పెట్టి పాతితే పైకి గుండ్రటి అడుగే కనిపిస్తుంది, అది ఏ సీసాయో ఎవరికీ తెలీదు అని మెల్లగా చెప్పు. థాయిలాండ్‌లో సిసాకెట్ అనే చోట బౌద్ధ సన్యాసులు 1984 నుంచి బీరు సీసాలు పోగుచేసి ఏకంగా గుడే కట్టారు, పదిహేను లక్షల పైనే వాడారట, ఆ ఫోటోలు ఆవిడకి చూపించు. అప్పటికీ ఒప్పుకోకపోతే సాస్ సీసాలు, స్క్వాష్ సీసాలతోనే మొదలుపెట్టు, పెద్దావిడ మనసు కష్టపెట్టి కట్టిన బోర్డర్ మనకెందుకు.

పాత సామాన్లు కొనే కబాడీవాడికి ముందే చెప్పి ఉంచు, పగిలినవీ అంచు పెచ్చులూడినవీ వద్దని. పెద్ద బీరు సీసాలైతే అడుగు పొడవుకి నాలుగు పడతాయి, అంటే పదడుగుల వరసకి నలభై, నాలుగైదు ఎక్కువే తీసుకో. లేబుళ్ళు ఊడడానికి చాకలి సోడా వేసిన గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నానబెట్టు, జిగురు మిగిలితే కొబ్బరినూనె రాసి రుద్దితే వచ్చేస్తాది.

తెల్ల సీసాలకి పెయింట్ వేద్దామని ఎవరైనా అంటారు, వద్దమ్మా. వెలుగు దూరదు, కొన్నాళ్ళకి పెచ్చులు లేస్తాది. పచ్చదనం ఇనుము, క్రోమియం వల్ల, నీలం కోబాల్ట్ వల్ల, గాజు కరిగేటప్పుడే కలిసిపోయిన రంగులవి, ఎండకి వెలవవు. నీలం సీసాలు మనకి దొరకడం కష్టం, దొరికిన నాలుగూ చెల్లాచెదురుగా కాకుండా ఒకచోటే పెట్టు, నా కంటికి అదే బావుంటాది.

పాతేటప్పుడు ముందురోజు సాయంత్రం నేల తడిపి, తాడు కట్టుకుని జానెడు లోతు కాలవ తవ్వు, అడుగున ఇసక పొయ్యి, సీసాలు బోర్లించి ఒకదానికొకటి ఆనించి మట్టి గట్టిగా కూరు. సగం పైనే లోపలుండాలి, లేకపోతే వానకి ఒరిగిపోతాయి. చేతులకి మందం గ్లౌజులు, కాళ్ళకి బూట్లు ఉండాల్సిందే. మూతి పైకి పెట్టి మాత్రం ఒక్కటీ వదలకు, వాన నీళ్ళు నిలిస్తే డెంగ్యూ దోమకి అంతకంటే ఏం కావాలి, గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో దోమ ఎగిరిపోతాది.

చెట్టుకి వేలాడదియ్యాలని కూడా ఉందన్నావు. అమెరికాలో దక్షిణాది ఊళ్ళలో కొమ్మలకి నీలం సీసాలు తొడుగుతారు, దుష్టశక్తులు వాటిలో చిక్కుకుంటాయని నమ్మకం, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళతో వెళ్ళిన ఆచారం అది. చూడ్డానికి చాలా బావుంటాది కానీ మన వైపు వద్దు తల్లీ. ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12న ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర దాటి మన గజపతి జిల్లాని ముంచేసింది, అలాంటి గాలిలో కొమ్మ మీది సీసా ఎవరి తల మీద పడుతుందో చెప్పలేం. నీకు మరీ ముచ్చటైతే సంక్రాంతికి కట్టుకుని ఎండలు ముదరకముందే దింపేసెయ్. పిల్లలు బంతాడే వైపు మాత్రం నేలలో పాతినవి కూడా వద్దు, అక్కడ ఇటకలే పెట్టు.

నా దగ్గర పచ్చవి ఒక గోనెసంచి నిండా ఉన్నాయి, కడిగి ఆరబెట్టినవే. ఎవరైనా పర్లాకిమిడి వస్తే చెప్పు, పాత చీరల్లో చుట్టి గుణుపురం బండిలో వాళ్ళ చేత పంపిస్తాను.

పెద్దమ్మ