పాటలు వినే గది గురించి అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. స్పీకర్లు బాగున్నాయి, డబ్బు బాగానే పోసినట్టున్నావు. గదే కాస్త పేచీ పెట్టేలా ఉంది. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, ఎత్తూ పదే. కింద టైల్స్, పైన స్లాబు, నాలుగు పక్కలా పుట్టీ కొట్టిన నున్నటి గోడలు. అందులో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా సగం గోడల మోతే వింటావు. దానికి విరుగుడుగా ఆన్‌లైన్‌లో నల్ల ఫోమ్ ముక్కలు తెప్పించి గోడలన్నిటికీ అంటిస్తానన్నావు చూడు, ఆ ఆర్డర్ మాత్రం పెట్టకు.

అంగుళం మందం ఫోమ్ తాళాల గలగలనీ, గాయకుడి నోట్లో స-కార, శ-కారాలనీ మింగేస్తుంది. బేస్ జోలికి మాత్రం పోదు. 1000 హెర్ట్జ్, అంటే సెకనుకి 1000 సార్లు కంపించే ధ్వని తరంగం పొడవు అడుగు పైచిలుకు. 50 హెర్ట్జ్ తరంగమైతే 22 అడుగులు దాటుతుంది. దానికి అంగుళం ఫోమ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. చివరికి వయొలిన్ మీద దుప్పటి కప్పినట్టుంటుంది, మృదంగం ఎడమ పక్క దెబ్బ మాత్రం ఎప్పట్లాగే బుంయ్‌మంటూ ఉంటుంది. పైగా చవక ఫోమ్‌కి నిప్పు తగిలితే భగ్గుమంటుంది, ఆ పొగ విషం. కొందరు గోడలకి అంటించే కోడిగుడ్ల అట్టల ఊసు ఎత్తనే ఎత్తకు.

ముందు పైసా ఖర్చు లేని పని చెయ్యి, సోఫా జరుపు. గోడకి ఆనించి కూర్చుంటే బేస్ ఉన్నదానికంటే లావుగా వినిపిస్తుంది. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే కొన్ని స్వరాలు మాయమైపోతాయి. నీ గదికి పొడవు వైపు 47 హెర్ట్జ్ దగ్గర, వెడల్పు వైపు 56 దగ్గర మోత లేస్తుంది. ఎత్తు కూడా పదే కాబట్టి అదీ 56 దగ్గరే వచ్చి కూర్చుంటుంది. రెండూ కలిసి ఒకే స్వరాన్ని ఉబ్బిస్తాయి, నీ గదికున్న అసలు జబ్బు అదే. స్పీకర్లని 10 అడుగుల గోడ ముందు, ఆ గోడకి రెండడుగుల దూరంలో పెట్టు. నీ చెవులు వెనక గోడకి నాలుగున్నర అడుగుల దూరంలో ఉండేలా చూసుకో. అక్కణ్ణించి అరడుగు ముందుకీ వెనక్కీ జరిగి, ఏది బాగుంటే అక్కడే స్థిరపడు. స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కోదానికీ నీకూ మధ్య అంతే ఉండాలి.

ఇక శబ్దాన్ని మింగే ప్యానెళ్లు. వీటికి పెద్ద కంపెనీ సరుకేమీ అక్కర్లేదు. ఏసీ డక్టులకీ, షెడ్లకీ ఇన్సులేషన్ అమ్మే షాపుల్లో రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నార) పలకలు దొరుకుతాయి. ఘనపు మీటరుకి 48 కిలోల సాంద్రతది, రెండంగుళాల మందంది అడుగు. రెండేసి కలిపి నాలుగంగుళాలు చేసి, 2 అడుగులకి 4 అడుగుల చెక్క ఫ్రేముల్లో బిగించి ఎనిమిది ప్యానెళ్లు చెయ్యమని వడ్రంగికి చెప్పు. గోడకీ ప్యానెల్‌కీ మధ్య రెండు మూడంగుళాల ఖాళీ వదిలితే ఇంకా కింది స్వరాల దాకా పనిచేస్తుంది. ఈ ఖాళీకి రూపాయి ఖర్చుండదు, అయినా ఎవరూ వదలరు! వానాకాలం గోడ చెమ్మ ప్యానెల్‌కి అంటకుండా కూడా అదే కాపాడుతుంది. పైన తొడిగే గుడ్డ నోటి దగ్గర పెట్టుకుని ఊదు. ఊపిరి అవతలికి పోతే శబ్దమూ పోతుంది. చేనేత నూలు గుడ్డ చాలు, రెక్సిన్ వద్దు.

ఎక్కడ పెట్టాలో అద్దం చెబుతుంది. నువ్వు సోఫాలో కూర్చో. అమ్మాయిని పక్క గోడ వెంట నీ చెవి ఎత్తులో అద్దం జరుపుతూ వెళ్లమను. అద్దంలో స్పీకరు కనిపించిన చోటల్లా గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టు. శబ్దం గోడకి తగిలి నీ దగ్గరికి వచ్చేది అక్కణ్ణించే. రెండు పక్క గోడలకీ ఒక్కోటి, నీ వెనక గోడకి రెండు. మిగిలిన నాలుగూ మూలలకి. మూలని అడ్డంగా మూసేలా ఏటవాలుగా నిలబెట్టు, వెనక ఉన్న ఖాళీ అలాగే ఉండనీ. బేస్ పోగయ్యేది మూలల్లోనే, డబ్బు అక్కడే పెట్టాలి. తలుపున్న మూలని వదిలేసి, మిగతా మూలల్లో సర్దు. కొనేముందు ఓ పరీక్ష చెయ్యి. ఇంట్లో ఉన్న దూది పరుపులు రెండు తెచ్చి మూలల్లో నిలబెట్టి, నీకు బాగా అలవాటైన ఘంటసాల పాట ఒకటి పెట్టు. తేడా నీకే తెలుస్తుంది. మా ఇంట్లో ఇలాగే చేసి చూసినప్పుడు మీ అత్తయ్య అయితే పరుపుల్ని అలాగే ఉంచెయ్యమంది, చూడ్డానికి బాగోవని నేనే తీసేశాను.

మెత్తటి వస్తువు శబ్దాన్ని ఎంత మింగుతుందో మొదట లెక్కగట్టినవాడు సబైన్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త. 1895లో హార్వర్డ్‌లోని ఓ లెక్చర్ హాల్లో పాఠం అర్థం కావట్లేదని గొడవైతే దాన్ని సరిచేసే పని ఈయనకి అప్పజెప్పారు. రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, అవి పెంచుతూ పోయేకొద్దీ మోత ఎంతసేపటికి చల్లారుతోందో కొలిచాడు. ఆయన సూత్రంతో ఉజ్జాయింపుగా లెక్కేస్తే నీ ఖాళీ గదిలో మోత చల్లారడానికి 3 సెకన్ల దాకా పడుతుంది. ఈ ఎనిమిది ప్యానెళ్లతో అది సెకను లోపలికి వచ్చేస్తుంది. సోఫా, కార్పెట్, కర్టెన్లు కూడా చేరితే అర సెకనుకి అటూ ఇటూ. అంతటితో ఆపు. ఇంకా ఇంకా అంటూ పోతే పాటలో ప్రాణం పోతుంది.

ఇవి పెట్టాను కదా అని రాత్రి పదింటికి సౌండ్ పెంచకు. ప్యానెల్ గదిలో మోత తగ్గిస్తుందే కానీ పక్క ఫ్లాట్‌కి శబ్దం పోకుండా ఆపదు. దానికి బరువైన గోడా, సందుల్లేని తలుపూ కావాలి. అది వేరే ఖర్చు, వేరే ఉత్తరం.

రాక్‌వూల్ కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, గ్లవ్స్, మాస్కు వేసుకో, బాల్కనీలో కూర్చుని కొయ్యి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపకుండా విడిగా ఉతికించు, లేదంటే ఇంటిల్లిపాదికీ దురదే.

మీ మావయ్య