చరిత్ర శాఖలో చేరబోతున్న శిష్యురాలికి

అమ్మా,

విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఫూలే గురించి, అంబేడ్కర్ గురించి, మన హైదరాబాద్ దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ గురించి పాఠం ఎలా చెప్పాలో నీకు నేను నేర్పనక్కరలేదు. నేను రాయదలచింది పాఠం ముగిశాక జరిగే పనుల గురించి. మన శాఖల్లో అసమానతను ఖండించని అధ్యాపకుడు అరుదు. అయినా ఇంటర్నల్ మార్కుల్లోనూ, వైవా అనే మౌఖిక పరీక్షలోనూ, పరిశోధక విద్యార్థులకు గైడ్ల కేటాయింపులోనూ అది నిక్షేపంగా సాగుతూనే ఉంటుంది.

మొదటి తరగతిలో పరిచయాల పేరిట ఇంటిపేరు, ఊరు, తండ్రి చేసే పని అడగకు. మన ప్రాంతంలో ఆ మూడూ తెలిస్తే కులం వేరే చెప్పించుకోనక్కరలేదు. ఎంట్రన్స్‌లో ర్యాంకెంత అన్న ప్రశ్న కూడా, కాస్త మర్యాదగా, అదే పని చేస్తుంది. ఈమధ్య ఏం చదివారని అడిగితే చాలు.

వైవా విషయంలో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. రాత పరీక్షలో మంచి మార్కులు వచ్చిన అభ్యర్థికి మౌఖికంలో అత్తెసరు మార్కులు పడుతున్నాయంటే, అది ఏ వర్గాల వారి విషయంలో ఎక్కువగా జరుగుతోందో లెక్క తీయమని శాఖ సమావేశంలో అడుగు. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జెఎన్‌యు)లో అబ్దుల్ నఫే కమిటీ ఈ తేడానే పరిశీలించి, వైవాకున్న 30 మార్కులను 15కు తగ్గించమని సూచించింది. ఆ సూచనకు పూర్తిగా ఎదురుగా, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2016 నిబంధనలు రాత పరీక్షను అర్హతకే పరిమితం చేసి పీహెచ్‌డీ ఎంపికను మౌఖికానికి వదిలేశాయి. విమర్శలు వచ్చాక 2018 సవరణతో రాతకు 70 శాతం, మౌఖికానికి 30 శాతం వచ్చాయి. ఆ 30 శాతమైనా తక్కువేమీ కాదు. ‘ఆత్మవిశ్వాసం లేదు’ అని బోర్డులో ఎవరైనా రాయబోతే, అభ్యర్థి తడబడింది విషయం దగ్గరా, ఇంగ్లిషు దగ్గరా అని అడుగు. తెలుగులో చెప్పమన్నాక అదే అభ్యర్థి నైజాం కాలపు భూమి శిస్తు గురించి ఆగకుండా మాట్లాడటం నేను చూశాను.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై, పాత కళాశాల సర్టిఫికెట్లు ఇవ్వక, మెస్ బిల్లు కోసం రాత్రిపూట పనిచేసే విద్యార్థులు నీ తరగతిలో ఉంటారు. హాజరు తగ్గిందని నోటీసు పంపేముందు ఒకసారి పిలిచి మాట్లాడు.

ఇక గైడ్ల కేటాయింపు. దళిత స్కాలర్ వస్తే దళిత ఉద్యమాల మీద, ఆదివాసీ స్కాలర్ వస్తే పోడు సమస్య మీద అంశం సూచించడం ఔదార్యంగా చెలామణి అవుతోంది. ఇష్టపడి ఎంచుకుంటే మంచిదే, కానీ ఎంచుకునే అవకాశం ముందు ఇవ్వాలి కదా. కాకతీయ శాసనాల మీద పనిచేస్తానని ఎవరైనా అంటే ‘మీకు కష్టం’ అనకుండా, పాత లిపి చదవడం దగ్గర కూర్చోబెట్టి నేర్పించు. నా దగ్గరున్న శాసన సంపుటాలు కావాలంటే కబురు చెయ్యి, పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు