రాత్రిళ్ళు లేచే బిడ్డ గురించి ఒంగోలులోని మా అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయిని ఆశీర్వదించి కావలి నుంచి పెద్దమ్మ వ్రాయునది.

మొన్న ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూ నువ్వు ఆగిపోతే లైను తెగిందనుకున్నాను; కూర్చున్నచోటనే కునుకు పట్టిందని మీ అమ్మ చెబితే తెలిసింది. మళ్ళీ ఫోను చేసి ఆ కాస్త నిద్రా చెడగొట్టడం ఎందుకని, చెప్పదలచుకున్నది ఉత్తరంలో వ్రాస్తున్నాను.

రెండు నెలల బిడ్డ రాత్రి రెండు మూడుసార్లు లేవడం జబ్బు కాదు, దిష్టి కాదు, నీ పాలు చాలకపోవడం అంతకన్నా కాదు. బిడ్డ కడుపు చిన్నది, తల్లిపాలు త్వరగా అరుగుతాయి, రోజుకు 8 నుంచి 12 సార్లు తాగే ఈ వయసులో అందులో కొన్ని రాత్రిపూట పడక తప్పదు. పైగా పగలూ రాత్రీ తేడా ఒంటికి పట్టడానికి మూడు నెలల దాకా పడుతుంది. పోతపాలు పట్టమంటున్న మీ అత్తగారితో వాదన పెట్టుకోవద్దు. బిడ్డ రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తున్నాడా అని చూసుకొని, అంగన్‌వాడీలో తూకం వేయించి, బరువు వ్రాసిన కార్డు ఆమె చేతికే ఇవ్వు. మనం ఎంత చెప్పినా వినని పెద్దవాళ్ళు అంకె చూస్తే తగ్గుతారు.

మా పెద్దవాడి విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయవద్దు. వాడు కిక్కుమంటే చాలు ట్యూబులైటు వేసేదాన్ని. ఆ వెలుగుకు మీ పెదనాన్న లేచేవారు, మా మామగారు లేచేవారు, తాతామనవళ్ళు అర్ధరాత్రి రెండు గంటలకు గిలక్కాయతో ఆటలు మొదలుపెట్టేవారు. రాత్రి ఆడుకోవడానికేనని వాడు నేర్చుకున్నాడంటే ఆ తప్పు వాడిది కాదు. రెండోవాడి నాటికి తెలివి వచ్చి, మూలన చిన్న బెడ్‌ల్యాంపు మాత్రమే ఉంచి, మాటా పలుకూ లేకుండా పాలిచ్చి, భుజాన వేసుకొని త్రేనుపు రాగానే పడుకోబెట్టేదాన్ని. పొడి గుడ్డలు నాలుగు తలగడ పక్కనే మడిచి పెట్టుకో, అర్ధరాత్రి బీరువా తలుపు తీసే పని ఉండదు. బిడ్డ కదిలిన ప్రతిసారీ ఎత్తుకోవద్దు. పసివాళ్ళు నిద్రలోనే మూలుగుతారు, ముక్కుతారు, నిమిషం ఆగితే ఒక్కోసారి వాళ్ళే సర్దుకుంటారు. పగటిపూట మాత్రం కిటికీలు తెరిచి, కుక్కరు కూత, వీధిలో కూరగాయలవాడి కేక అన్నీ వాడి చెవిన పడనివ్వు.

చీర ఉయ్యాల గురించి అడిగావు. మా ఇంట్లో ఉయ్యాల కొక్కెం కిర్రుకిర్రుమనేది; ఆ చప్పుడు భరించలేక ఒకనాడు కొబ్బరినూనె పోస్తే, ఆ రాత్రంతా రెండోవాడు నిద్రపోలేదు! ఊపడంలో తప్పు లేదు గాని, ఉయ్యాలలో గడ్డం గుండెకు ఆని ఊపిరి ఇబ్బంది కావచ్చు కాబట్టి, నిద్ర పట్టాక గట్టి పరుపు మీద వెల్లకిలా, తలగడ లేకుండా పడుకోబెట్టాలి. నులక మంచం వద్దు, మధ్యలో లోతు పడి బిడ్డ నీ కిందికి దొర్లుతాడు. కుర్చీలో కూర్చొని పాలిస్తూ నేను నిద్రపోతే, బిడ్డ ఒడిలోంచి జారి గోడకూ కుర్చీకీ మధ్య చిక్కుకున్నాడు; దెబ్బ తగలలేదు గాని, ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

ఈ రోహిణి కార్తె ఎండల్లో జలుబు చేస్తుందని టోపీ, మేజోళ్ళు తొడిగితే ఉక్కకు బిడ్డ లేవక ఏం చేస్తాడు? పలుచని నూలు చొక్కా చాలు, ఫ్యాను గాలి తగలనివ్వు, దోమతెర మరువకు. ఎంత ఎండైనా ఆరు నెలల దాకా నీళ్ళు పట్టవద్దు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీళ్ళే. నిద్రకని వస అరగదీసి నాకించడం, తేనె రాయడం, బ్రాందీ చుక్క వేయడం ఎవరు చెప్పినా వినవద్దు. ఏడాది లోపు తేనె విషమయ్యే ప్రమాదం ఉంది. దిష్టి తీస్తామంటే తీయనివ్వు, ఉప్పుకు ఖర్చేముంది. సాంబ్రాణి పొగ మాత్రం బిడ్డ ఉన్న గదిలో వద్దు.

ఒళ్ళు వేడెక్కి థర్మామీటరులో 100.4 డిగ్రీలు చూపినా, పాలు తాగడం మానినా, డొక్కలు ఎగరేసినా, ఏడుపు వింతగా వినిపించినా తెల్లారేదాకా ఆగవద్దు. ఏ వేళైనా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళు.

ఇక నీ సంగతి. పాలివ్వడం ఒక్కటే నీ వల్ల అయ్యే పని, త్రేనుపు తెప్పించడం, గుడ్డ మార్చడం అల్లుడి వల్ల కూడా అవుతాయి. పొద్దున ఉద్యోగానికి వెళ్ళాలంటాడు, నిజమే. అయితే రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు దాకా బిడ్డ అతని దగ్గర ఉంటే, ఆకలికి తప్ప నిన్ను లేపకుండా ఉంటే, నీకు మూడు గంటల నిద్ర దక్కుతుంది. వారాలు గడిచినా ఊరికే ఏడుపు వస్తున్నా, బిడ్డను చూస్తే విసుగే తప్ప ఇంకేమీ తోచకపోయినా దాచుకోవద్దు, డాక్టరమ్మతో చెప్పు. బాలింతలకు అది చాలామందికి వస్తుంది, తగ్గుతుంది.

ఆదివారం సాయంత్రం పినాకిని రైల్లో వస్తున్నాను. పాత నూలు చీరలు రెండు ఉతికి, పక్కగుడ్డలకని చింపి ఉంచాను. పది రోజులు ఉంటాను. ఉన్నన్నాళ్ళూ రాత్రి రెండో జాము నుంచి బిడ్డ నా పక్కన పడుకుంటాడు, పాలవేళకు నేనే తెచ్చి నీ పక్కన వేస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ