రుబ్బురోలును పూలకుండీ చెయ్యకండమ్మా

పోయిన నెల ఇదే పేజీలో, మీ ఇంట్లో అటకెక్కిన వంటింటి సామాను గురించి రాయమని అడిగాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. కొన్ని చదువుతూ చాలాసేపు అలా కూర్చుండిపోయాను. అన్నింటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి, నలుగురికీ పనికొచ్చేవి కొన్ని తీసుకున్నాను.

ప్రశ్న: అక్కా, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇప్పుడు హైదరాబాద్‌లో నాలుగో అంతస్తులో ఉంటున్నాం. ఊళ్లో ఇల్లు అమ్మేస్తుంటే మా అమ్మమ్మ రుబ్బురోలు, పచ్చళ్ల రోలు రెండూ వ్యానులో వేయించుకొచ్చాను. మావారేమో రుబ్బురోట్లో మట్టి పోసి బాల్కనీలో తులసి వేద్దాం, చూడ్డానికి బావుంటుంది అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. వాడదామంటే కింది ఫ్లాట్ వాళ్లు చప్పుడని గొడవ చేస్తారేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?

జవాబు: మట్టి మాత్రం పొయ్యనివ్వకు తల్లీ. తులసమ్మకు కుండీ వంద రూపాయలకు దొరుకుతుంది, అమ్మమ్మ చెయ్యి అరగదీసిన రాయి ఎక్కడ దొరుకుతుంది?

చప్పుడు భయం రుబ్బురోలుకు అక్కర్లేదు. అది గరగరమంటుందే తప్ప దబదబమనదు. చప్పుడల్లా పచ్చళ్ల రోలుతోనే, అదీ రోకలి ఎత్తి దంచితేనే. గోనెసంచి నాలుగు మడతలు పెట్టి, దాని మీద పాత డోర్‌మ్యాట్ వేసి రోలు పెట్టుకో. దంచడం మానేసి, పచ్చడి బండతో నూరుకో. దోసకాయ పచ్చడికి అంతకంటే అక్కర్లేదు. రెండింటినీ గోడ వారగా పెట్టు, మాటిమాటికీ జరపకుండా.

ఏళ్ల తరబడి పక్కన పడేసిన రోలు కాబట్టి ముందు కొబ్బరి పీచుతో నీళ్లు పోసి బాగా రుద్దు. సబ్బు వద్దు, రాయి ఆ వాసన పీల్చేసుకుంటుంది. తర్వాత గుప్పెడు బియ్యపు నూక, కాస్త రాళ్లుప్పు వేసి రుబ్బి పారబొయ్యి. ఆ నూకలో బూడిదరంగు పొడి కనిపించకుండా పోయేదాకా మళ్లీ మళ్లీ చెయ్యి. రాయి మరీ నున్నబడి పప్పు జారిపోతుంటే ఉలితో గాట్లు పెట్టించాలి. మా వైపు కక్కు కొట్టించడం అంటారు. ఒకప్పుడు వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్లు, ఇప్పుడు రాతిపని వాళ్ల దగ్గరికి మనమే వెళ్లి అడగాలి.

రోజూ ఇడ్లీ పిండి దాంట్లో రుబ్బమని నేను చెప్పను, ఉద్యోగం చేసుకునే పిల్లవి. నెలకోసారి గారెలకి మాత్రం రుబ్బు. మా అమ్మమ్మ కుడిచేత్తో పొత్రం తిప్పుతూ, ఎడమ చేత్తో పిండిని గుంట లోపలికి తోస్తూ, మధ్యలో మునివేళ్లతో నీళ్లు చిలకరిస్తుంటే, వేళ్లు ఎక్కడ నలిగిపోతాయోనని నేను ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఒక్కసారీ నలగలేదు. చివర్లో గోలీ అంత పిండి తీసి నీళ్ల గిన్నెలో వేసేది. తేలితే అయినట్టు, మునిగితే ఇంకా తిప్పాలి. పొత్రం పప్పును నలుపుతూనే దాంట్లోకి గాలి పట్టిస్తుంది, అందుకే తేలుతుంది. మిక్సీ బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరిగి కోసేస్తుంది, పిండి వేడెక్కిపోతుంది. 1955లో కోయంబత్తూరులో సభాపతి గారు కరెంటు గ్రైండర్ తయారుచేసినప్పుడు కూడా మోటారు పెట్టారే కానీ రాయిని వదల్లేదు, చూశావా.

ప్రశ్న: ఆంటీ, మేము డాలస్‌లో ఉంటాం. చిన్నప్పుడు గుడివాడలో మా నానమ్మ దగ్గర దాలిలో కాగిన పాలు తాగాను, ఆ రంగు, ఆ మీగడ మా పిల్లలకు చూపించాలని కోరిక. మావారు చలికాలంలో గరాజ్‌లో కుంపటి పెట్టుకుందాం, తలుపు సగం తీసి ఉంచితే చాలు అంటున్నారు. పెట్టుకోవచ్చా?

జవాబు: కుంపటి గరాజ్‌లో వద్దమ్మా. తలుపు సగం కాదు, మొత్తం తీసినా వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు ఉండదు, వాసన ఉండదు. కళ్లు మండవు, దగ్గు రాదు, మత్తుగా ఉంది కదా అని పడుకుంటే అంతే. మన ఊళ్లో పెంకుటింటి సందుల్లోంచి గాలి ఆడేది, కుంపటి కూడా ఎక్కువగా వసారాలోనో పెరట్లోనో ఉండేది. మీ ఇళ్లు వేడి బయటికి పోకుండా బిగించి కట్టినవి. బొగ్గులు అంటించాలంటే పెరట్లో, ఆరుబయటే. అక్కడ మాత్రం నూనె రాసిన వంకాయ నిప్పుల మీద పెట్టి, తొక్క నల్లగా పగిలేదాకా కాల్చి, పచ్చిపులుసు చేసి పిల్లలకు పెట్టు.

పాల సంగతికి ఓవెన్ చాలు. దాలి అంటే ఏమిటి, పెరట్లో గుంట, అందులో పిడకలు సన్నగా రాజుకుంటూ ఉంటే పైన పాలకుండ. మంట ఉండదు, పొద్దుట పెడితే సాయంత్రం దాకా ఒకే వేడి. పాలు పొంగవు, అడుగంటవు, మెల్లగా లేత ఇటుక రంగుకి తిరుగుతాయి. ఆ రంగు పొగ వల్ల అనుకుంటారు చాలామంది. పొగ వాసన నిజమే కానీ, రంగు వచ్చేది పాలల్లో ఉన్న చక్కెర, మాంసకృత్తులు గంటల తరబడి ఆ వేడికి మగ్గడం వల్ల. అందుకని మందపాటి గిన్నెలో వెన్న తియ్యని పాలు ఒక పొంగు రానిచ్చి, మూత లేకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఐదారు గంటలు వదిలెయ్యి. మధ్యలో కలపకు, మీగడ చెదురుతుంది. గోరువెచ్చగా అయ్యాక అందులోనే తోడు వెయ్యి. పిడక వాసన ఉండదమ్మా, అది నేను ఇవ్వలేను. కానీ గిన్నె మీద తేలే ఆ మందపాటి మీగడ అంచు పట్టుకుని ఎత్తితే చాపలా లేస్తుంది. అది మాత్రం మీ నానమ్మ ఇంటిదే.

ప్రశ్న: అమ్మా, నాకు 74 ఏండ్లు. మాది ఖమ్మం జిల్లా. నా మనుమరాలు రాస్తుంది, నేను చెప్తున్న. మీరందరు కట్టెల పొయ్యి రుచి, కట్టెల పొయ్యి రుచి అని రాస్తరు. వానకాలం తడి కట్టెలు ఊది ఊది నా కండ్లు పోయినయి. పొద్దుగాల లేచి ఇసుర్రాయి, మాపటికి రోకలి. గ్యాసు వచ్చిన నాడు నేను ఏడ్చిన. అవన్ని మళ్ల కావాలె అని ఎట్ల అంటరు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మీరన్న ప్రతి మాటా నిజం. మా అమ్మ కూడా ఊదుగొట్టంతో ఊదుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వండింది. ఆవిడ దగ్గు పొయ్యి వల్లేనని మాకెవరికీ తట్టలేదు, అమ్మకి ఎప్పుడూ ఉండే దగ్గే కదా అనుకున్నాం. గ్యాసు కోసం పేరు రాయించి ఏళ్లు ఎదురుచూశాం. సిలిండర్ వచ్చిన రోజు అమ్మ పొయ్యికి పసుపు కుంకుమ పెట్టి, అగ్గిపుల్ల గీసి, నీలిమంట వెలగ్గానే రెండు చేతులూ జోడించింది. 1999లో దీపం పథకం వచ్చి పల్లెల్లో మహిళా సంఘాల వాళ్లకు కనెక్షన్లు ఇచ్చినప్పుడు ఎన్ని ఇళ్లల్లో మీలా ఏడ్చారో.

ఆ రుచి తిన్నవాళ్లం మేం, ఊదిన వాళ్లు మీరు. రుచి గురించి రాసేటప్పుడు ఆ ఊదిన వాళ్ల గురించి రాయకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. అవన్నీ మళ్లీ రావాలని నేను అనను. రోజూ గంటలకొద్దీ విసరాల్సిన, ఊదాల్సిన బతుకు ఏ ఆడపిల్లకూ వద్దు. ఇష్టమైన నాడు, ఓపికున్న నాడు, ఇంట్లో మగపిల్లలు కూడా ఓ చెయ్యి వేసి పచ్చడి నూరుకుంటే, అంతవరకే నేను అడిగేది. మీ కళ్లు ఒకసారి డాక్టరుకు చూపించారా? పొర వచ్చి ఉంటే ఆపరేషన్‌తో బాగా కనిపిస్తుంది. మనుమరాలా, ఈ మాట నీకు చెబుతున్నాను, వెంటనే తీసుకెళ్లు.

ప్రశ్న: మేడం, మాది రాజమండ్రి. అత్తగారి ఇత్తడి గిన్నెలు డజను దాకా ఉన్నాయి. పాలు, అన్నం ఫర్వాలేదు కానీ పులుసు పెడితే చేదుగా, వికారంగా ఉంటోంది. లోపల కళాయి, అదే తగరం పూత, పెట్టించాలంటున్నారు. ఎవరి దగ్గర పెట్టించాలి, ఎన్నాళ్లు ఉంటుంది?

జవాబు: కళాయి లేని ఇత్తడిలో చింతపండు, పెరుగు, టమాటా ఏదీ పెట్టకూడదు. ఇత్తడంటే రాగి, జింకు కలిపిందే. పులుపు తగిలితే చిలుం లేచి కూరలోకి దిగుతుంది. మీ వికారం అదే. ఇప్పుడే ఆపెయ్యండి.

కళాయి పెట్టడం చూశారా ఎప్పుడైనా? వీధి చివర చిన్న గుంట తవ్వి, తోలుతిత్తితో నిప్పు రాజేసి, గిన్నె ఎర్రగా కాగాక నవసారం పొడి చల్లేవాళ్లు. గుప్పున తెల్లటి పొగ. ఆ పొగలోనే తగరం కడ్డీ ఇలా రాసి, దూదితో గిర్రున తుడిస్తే క్షణంలో గిన్నె లోపలంతా వెండి అయిపోయేది. పిల్లలం ఆట మానేసి చుట్టూ నిలబడేవాళ్లం. ఇప్పుడు పాత బజార్లలో ఇత్తడి సామాను అమ్మే కొట్లలో అడిగితే చేసేవాళ్లను చెబుతారు. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి, తగరం మేలిమిదేనా అని. సీసం కలిపింది చౌకగా పడుతుంది, కానీ ఒంటికి విషం. ఒకసారి నేను అడక్కుండా పెట్టించుకుని మోసపోయాను. నెల తిరక్కుండానే నల్లబడింది, ఆ గిన్నె ఇక వంటకు వాడలేదు.

తగరం 232 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. కాబట్టి ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి మర్చిపోవద్దు, అందులో పోపు వెయ్యొద్దు. చెక్క గరిటె వాడండి, స్టీలు పీచు ముట్టించకండి. ఇలా చూసుకుంటే ఏడాదికోసారి పెట్టిస్తే చాలు. పూత పోయి లోపల ఇత్తడి పసుపురంగు కనిపిస్తే మాత్రం ఏడాది దాకా ఆగొద్దు.

ప్రశ్న: అక్కా, వరంగల్ నుంచి. అత్తమ్మ వాళ్ల ఇంట్లో ఇత్తడి పంపు స్టవ్వు దొరికింది. వెలిగించి వీడియో తీద్దామనుకుంటున్న.

జవాబు: వెలిగించకు తమ్ముడూ. 1892లో స్వీడన్‌లో వచ్చిన ప్రైమస్ స్టవ్వు రకమే అది. కిరోసిన్ ఆవిరై మండుతుంది, అందుకే ఆ బుస్సుమనే చప్పుడు. లోపల ఒత్తిడి ఉంటుంది. వాషర్లు ఎండిపోయి, టంకాలు వదులైన పాత స్టవ్వు పేలితే చేతికి అందినవన్నీ కాలిపోతాయి. చీరంటుకుని పోయిన ఆడవాళ్ల సంగతి ఆ రోజుల్లో ప్రతి ఊళ్లో ఒకటి వినేవాళ్లం. చింతపండుతో తోమి, అత్తమ్మ ముందు పెట్టి, బర్నర్‌లో పిన్ను ఎలా పొడిచేవారో ఆవిణ్ణి చెప్పమను. ఆ వీడియో తియ్యి.

ప్రశ్న: మేడం, మా నాన్నగారు సనత్‌నగర్ ఆల్విన్ ఫ్యాక్టరీలో పనిచేశారు. 1984లో కొన్న ఆల్విన్ ఫ్రిజ్ ఇప్పటికీ నడుస్తోంది. నాన్న పోయి రెండేళ్లయింది. కరెంటు బిల్లు ఎక్కువొస్తోంది, పాత ఇనుముకి వేసేద్దామని తమ్ముడు, వద్దని నేను.

జవాబు: మీ ఇద్దరి మాటా కాదనలేను. 1942లో మొదలైన ఆ ఫ్యాక్టరీ బస్సు బాడీలు, బీరువాలు, వాచీలు, ఫ్రిజ్‌లు చేసి ఎన్ని వేల ఇళ్లల్లో అన్నం పెట్టిందో. ఇవాళ ఫ్యాక్టరీ లేకపోయినా ఆల్విన్ కాలనీ పేరు మిగిలింది. ఆయన పనిచేసిన చోట తయారైన వస్తువు ఇంట్లో ఉండటం మామూలు సంగతి కాదు.

కానీ నడపడం ఆపండి. అంత పాత కంప్రెసర్ కొత్తదాని కంటే చాలా ఎక్కువ కరెంటు తాగుతుంది. ఆ రోజుల ఫ్రిజ్‌లలో వాడిన గ్యాసు ఓజోన్ పొరకు చెరుపు చేసేది, అందుకే తర్వాత ఆ గ్యాసునే ఆపేశారు. పైపులు కోసి గాలిలోకి వదలకుండా, గ్యాసు పట్టుకునే పరికరం ఉన్న మెకానిక్‌తో తీయించండి. తర్వాత పెట్టె మీదే. పప్పులు, పిండి డబ్బాలు పెట్టుకోండి. తాళం, గొళ్లెం మాత్రం విప్పేయించండి. పిల్లలు లోపల దాక్కుంటే తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. తమ్ముడికి చెప్పండి, ఇనుముకిస్తే వచ్చేది ఆ వారం కూరగాయల డబ్బులు.

ప్రశ్న: అమ్మగారూ, మాది అనకాపల్లి. తిరగలి ఉంది, నాకు వంగి విసిరే ఓపిక లేదు. కోడలికి అక్కర్లేదు. ఎవరికివ్వాలి?

జవాబు: పెళ్లిళ్లకు ఇప్పటికీ తిరగలికీ రోకలికీ పసుపు రాసి, ముత్తైదువలు పసుపు దంచి, విసిరి పనులు మొదలుపెడతారు. ఆ ముందు రోజు తిరగలి కోసం ఊరంతా తిరిగేవాళ్లను నేను చూశాను. మీ వీధిలో ఎవరింట్లో పెళ్లీడు పిల్లలున్నారో వాళ్లకివ్వండి, తర్వాత ఇంకో ఇంటికి వెళుతుంది. ఇచ్చేటప్పుడు పై రాయి, కింది రాయి, మధ్యలో ఇరుసు, పైన కొయ్య పిడి అన్నీ ఉన్నాయో లేదో చూసి ఇవ్వండి. పిడి ఒక్కటి పోయినా కొత్తది చెక్కించి ఇవ్వండి, వడ్రంగికి అరగంట పని.