ఊరికి ఇంటర్నెట్ రావాలంటే ప్రభుత్వ డబ్బు దేనికి ఇవ్వాలి?

హైస్పీడ్ ఇంటర్నెట్ కోసం ప్రభుత్వం కంపెనీలకు సబ్సిడీ ఇవ్వాలా, తనే లైన్లు వేయాలా అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఫైబర్ వేయడం, జాయింట్లు కొట్టడం లాంటి పనులు చేస్తాను. చుట్టుపక్కల జిల్లాల్లోనూ చేశాను. డబ్బు తప్పకుండా ఇవ్వాలి. అయితే వేసిన కేబుల్ కిలోమీటర్లను చూసి కాదు, ఇంట్లో నడుస్తున్న కనెక్షన్‌ను చూసి ఇవ్వాలి.

కూకట్‌పల్లి, మియాపూర్‌లలో ఎవరికీ సబ్సిడీ అక్కర్లేదు. ఒకే అపార్ట్‌మెంట్ గోడకు మూడు నాలుగు కంపెనీల డబ్బాలు ఉంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు దాటి యాచారం, మంచాల వైపు వెళ్తే లెక్క మారిపోతుంది. కేబుల్ కంటే తవ్వకానికి, రోడ్డు కటింగ్ పర్మిషన్‌కు, తవ్విన రోడ్డును బాగుచేయడానికే ఎక్కువ డబ్బు పోతుంది. పది ఇళ్ల కోసం అంత ఖర్చు ఏ కంపెనీ పెడుతుంది? ప్రభుత్వం చేయి వేయాల్సింది అక్కడే.

నిధి లేదనడానికి లేదు. టెలికాం కంపెనీల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతం ఇలాంటి పనులకని 2002 నుంచి సార్వత్రిక సేవా నిధికి వెళ్తోంది. 2023 టెలికాం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. పంచాయతీలకు ఫైబర్ వేసే ప్రాజెక్టు 2011లోనే మంజూరైంది, మనం ఇప్పుడు భారత్‌నెట్ అంటున్నది అదే.

మరి ఊళ్లో నెట్ ఎందుకు రాదు? నేను వెళ్లిన ఒక పంచాయతీ ఆఫీసులో ర్యాక్ ఉంది, పరికరాలూ ఉన్నాయి. బ్యాటరీ చచ్చిపోయింది. బయట ఏదో పైపు పని చేస్తూ జేసీబీ కేబుల్ తెంపేసింది. వేసినవాళ్లకు బిల్లు ఎప్పుడో వచ్చేసింది, అతుకు వేయడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఆ ఊళ్లో ఎప్‌సెట్‌కు (పాత పేరు ఎంసెట్) చదివే పిల్లలు ఆన్‌లైన్ క్లాసు కోసం ఫోన్ పట్టుకుని డాబా ఎక్కుతున్నారు. కాళ్ల కింద ఫైబర్ ఉండీ వాళ్లకు ఆ అవస్థ. అది చూసినప్పుడు నాకు చాలా బాధేసింది.

అందుకే 2023 ఆగస్టులో కేంద్రం 1,39,579 కోట్లతో ఆమోదించిన భారత్‌నెట్ కొత్త దశలో నాకు నచ్చినవి రెండున్నాయి. పదేళ్ల నిర్వహణను కూడా కాంట్రాక్టులో కలిపారు. రింగ్ పద్ధతి పెట్టారు, అంటే ఒకచోట తెగినా రెండో వైపు నుంచి సిగ్నల్ వస్తుంది. ఇంకో అడుగు ముందుకేసి, సబ్సిడీలో కొంత భాగం కనెక్షన్ ఇచ్చినప్పుడు, మిగతాది లైన్ నడిచినన్నాళ్లూ నెలనెలా ఇవ్వాలి. లైన్ ఆగిన రోజులకు కోత పెడితే అతుకు వేసే మనిషి ఆ సాయంత్రమే వస్తాడు!

రెండో సంగతి డక్టులు, అంటే కేబుల్ దూర్చడానికి భూమిలో వేసే ఖాళీ గొట్టాలు. మిషన్ భగీరథ తాగునీటి పైపుల కోసం తవ్విన కాలువల్లోనే తెలంగాణ ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు టీ-ఫైబర్ కోసం డక్టులు వేశారు. తవ్వకం ఖర్చు కలిసొచ్చింది కదా, రోడ్డు వేసే ప్రతిసారీ అలా చేయాలి. నగరానికీ అది కావాలి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కరెంటు స్తంభాల మీది ఇంటర్నెట్ కేబుళ్లను కోసేస్తే ఎన్నో కాలనీల్లో నెట్ పోయింది. స్తంభాల మీద వేలాడదీయడం జనానికి ప్రమాదం, అలాగని ప్రతి చిన్న ఆపరేటర్ సొంతంగా భూమి తవ్వుకోలేడు. ప్రభుత్వం ఒక్కసారి డక్టు వేసి, పెద్ద కంపెనీకీ మన వీధి కేబుల్ ఆపరేటర్‌కూ ఒకే రేటుకు అద్దెకిస్తే ఇద్దరూ ధైర్యంగా డబ్బు పెడతారు.

చాలామంది మర్చిపోయేది ఆ కేబుల్ ఆపరేటర్‌నే. ఏ ఇంట్లో ఎవరుంటారో, ఎవరు ఎంత కట్టగలరో అతనికి తెలుసు. రాత్రి లైన్ పోతే ఫోన్ ఎత్తేదీ అతనే. కానీ ఓఎల్‌టీ (ఫైబర్ మీద ఇళ్లకు సిగ్నల్ పంపే యంత్రం) కొనడానికి బ్యాంకుకు వెళ్తే తనఖా అడుగుతారు. అలాంటివాళ్ల అప్పుకు ప్రభుత్వం పూచీ ఉంటే చాలు, మిగతా పెట్టుబడి వాళ్లే తెచ్చుకుంటారు.

ఇక ప్రభుత్వమే ఇంటింటికీ కనెక్షన్ ఇచ్చి బిల్లులు వసూలు చేయాలా అంటే, వద్దనే అంటాను. డక్టు, ఊరిదాకా ఫైబర్ ప్రభుత్వం చేతిలో ఉండాలి. అక్కడి నుంచి ఇంటిదాకా పోటీ పడేవాళ్లకు వదిలేయాలి.