ఫిట్స్ మళ్లీ వచ్చాయి... ఇంకో మాత్ర కలపాలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. మావారికి 36 ఏళ్లు. రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలాకు వెళ్తారు. ఫిట్స్‌కి నాలుగేళ్లుగా రోజూ రాత్రి ఫెనిటోయిన్ 300 మిల్లీగ్రాములు వేసుకుంటున్నారు. ఏడాదిన్నరగా బాగానే ఉన్నారు గానీ, పోయిన నెల రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఇంకో 100 కలిపి వేసుకోమని మందుల షాపులో చెప్పారు. కోవూరులో ఉండే మా బావగారు లెవెటిరాసెటమ్ 500 రెండు పూటలా వేసుకుని బాగున్నారు. మేం అది వాడొచ్చా?

జవాబు: అమ్మా, ఆ 100 మాత్రను మీ అంతట మీరు కలపొద్దు. ఫెనిటోయిన్‌ను అరగదీసేది కాలేయం. ఒక మోతాదు దాటాక కాలేయానికి ఆ పని అందదు. 300ను 400 చేస్తే రక్తంలో మందు ఆ లెక్కనే పెరగదు, రెట్టింపు కూడా కావచ్చు. అప్పుడు నడకలో తూలుతారు, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దగా వస్తుంది. రాత్రిపూట చెరువు గట్టు మీద తూలితే ఎంత ప్రమాదమో మీకు తెలుసు. పెంచక తప్పకపోతే మేం 25, 50 మిల్లీగ్రాముల చొప్పున పెంచి, కొన్ని వారాలు చూస్తాం.

అసలు ఇన్నాళ్లూ చాలిన మోతాదు ఇప్పుడెందుకు చాలలేదన్నది ముందు తేలాలి. నాకు మొదటి అనుమానం నిద్ర మీదే. పట్టుబడి దగ్గరపడినప్పుడు, చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయినప్పుడు తెల్లవార్లూ మేలుకునే ఉంటారు కదా. నిద్ర చాలకపోతే మందు వాడుతున్నా ఫిట్స్ రావచ్చు. ఆ హడావుడిలో మాత్ర మర్చిపోతున్నారేమో కూడా అడగండి. మందు కంపెనీ మారిందా, గ్యాస్ మందు దీంతోపాటే వేసుకుంటున్నారా, మద్యం అలవాటుందా, ఇవన్నీ డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

తర్వాత రక్తంలో ఫెనిటోయిన్ ఎంతుందో పరీక్ష చేయించండి. ఆయన రాత్రి వేసుకుంటారు కాబట్టి, ఆ రోజు మాత్ర వేసుకోకముందు సాయంత్రం రక్తం ఇవ్వాలి. మామూలుగా మిల్లీలీటరు రక్తానికి 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాలంటారు. కానీ 8 దగ్గరే ఫిట్స్ లేకుండా ఉండేవాళ్లున్నారు, 18 దగ్గరే తూలేవాళ్లూ ఉన్నారు. కాగితం మీది అంకెను చూసి కాదు, మనిషిని చూసి మోతాదు వేస్తాం. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువుంటే ఆ అంకె తక్కువగా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి అదీ చూపించుకోండి.

లెవెటిరాసెటమ్ మంచి మందే. అయితే అది ఎక్కువగా కిడ్నీల ద్వారా పోతుంది. కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుంటే మోతాదు తగ్గించాలి. కొందరికి దీంతో కోపం, చిరాకు బాగా పెరుగుతాయి. మీ బావగారికి సరిపోయిన మోతాదు ఆయన వరకే. మార్చాల్సి వస్తే న్యూరాలజిస్టు కొత్తది మొదలుపెట్టి, పాతది మెల్లగా తగ్గిస్తారు. ఫెనిటోయిన్ ఒక్కసారిగా ఆపేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు.

డాక్టరు చూసేవరకు ఆయన్ని చెరువు దగ్గరికి ఒంటరిగా పంపొద్దు, బండి నడపనివ్వొద్దు. ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. 5 నిమిషాలైనా ఆగకపోతే 108కి ఫోన్ చేయండి.