పిచ్చుక పిల్లలు గూట్లోనే ఎందుకు చనిపోతున్నాయి? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. పెంకుటింటి వసారాలోనూ, పెరట్లోని రేకుల పంచలోనూ పిచ్చుకల కోసం చెక్క పెట్టెలు కట్టించాము. చూరుకు వరి కుచ్చులు వేలాడదీస్తాము, మట్టి మూకుడులో నీళ్లు పెడతాము. ఈ ఏడాది దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయిన తరువాత రేకుల పంచలోని ఒక పెట్టెలో పిల్లలన్నీ ఒకే రోజు చనిపోయాయి. వసారాలోని పెట్టెల్లో మాత్రం ఒక్కొక్కటిగా పోతున్నాయి. ఒంటి మీద గాయాలు లేవు, పెద్ద పిట్టలు చలాకీగానే ఉన్నాయి. టెక్సాస్‌లో ఉంటున్న మా అబ్బాయి పెరట్లో స్తంభం మీద పర్పుల్ మార్టిన్ అనే పక్షులకు గూళ్లు పెట్టాడు. అక్కడా పిల్లలు కారణం తెలియకుండా చనిపోతున్నాయట. రెండుచోట్లా ఒకే జబ్బు ఉందా? ఇది బర్డ్ ఫ్లూ అని మా ఊళ్లో కొందరు భయపెడుతున్నారు. గూళ్లలో చీమల మందు పొడి చల్లమని ఒకరు చెప్పారు. చల్లవచ్చునా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలి. దయచేసి ఆ పొడి చల్లవద్దు. ఈకలు కూడా రాని పిల్లల చర్మం అతి పలుచన. పురుగులను చంపే పొడి ఆ చర్మం గుండా, ఊపిరి గుండా పిల్లల శరీరంలోకే చేరుతుంది. చనిపోయిన వాటికి కారణం తెలియకముందే బతికి ఉన్న వాటికి విషం పెట్టినట్లు అవుతుంది.

మీ ఉత్తరంలో రెండు వేర్వేరు రకాల మరణాలు కనిపిస్తున్నాయి. ఒక పెట్టెలో అన్నీ ఒకే రోజు పోవడం, తక్కిన పెట్టెల్లో ఒక్కొక్కటిగా పోవడం ఒకే కారణం వల్ల జరిగేవి కావు. అంతుచిక్కని మరణాలు అనుకునే వాటిలో చాలా వరకు ఇలా విడదీసి చూస్తే అర్థమవుతాయి. ఏ పెట్టెలో, ఎన్ని రోజుల వయసులో, ఎన్ని ఒకేసారి, ఆ ముందు రెండు మూడు రోజుల్లో వాతావరణం ఎలా ఉంది, చుట్టుపక్కల పొలాల్లో ఏ మందు కొట్టారు అన్నవే అసలు ప్రశ్నలు.

రేకుల పంచలోని మరణాలకు ఎండే కారణమని నేను దాదాపు నిశ్చయంగా చెప్పగలను. ఏప్రిల్ నెలలో మధ్యాహ్నపు రేకు కింద గాలి ఆడని చిన్న పెట్టె ఎంతగా కాగిపోతుందో, సముద్రపు తేమతో కూడిన కోనసీమ ఉక్కలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. మొదటి వారం రోజుల్లో పిచ్చుక పిల్ల తన ఒంటి వేడిని తాను అదుపు చేసుకోలేదు. దానికి నీళ్లు విడిగా తెచ్చి తాగించడం కూడా తల్లిదండ్రులకు అలవాటు లేదు. పిల్లకు కావలసిన నీరంతా అది మింగే మెత్తని పురుగుల్లో నుంచే రావాలి. కాబట్టి మీరు మూకుడులో పెట్టే నీళ్లు పెద్ద పిట్టల దాహం తీరుస్తాయే గాని గూట్లోని పిల్లకు అందవు. పెట్టెలో గుడ్లుగాని పిల్లలుగాని ఉన్నప్పుడు దానిని వేరే చోటికి మార్చకండి, తల్లి వదిలి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. అప్పటికి రేకు మీద తాటాకులో కొబ్బరి ఆకుల దడులో మందంగా పరిచి నీడ చేయండి. గూడు ఖాళీ అయ్యాక మాత్రం ఆ పెట్టెను రేకు కింద నుంచి తీసివేసి, తూర్పుకో ఉత్తరానికో ముఖం ఉండేలా, పడమటి ఎండ తగలని గోడకు కట్టండి. పక్క చెక్కల పైభాగంలో గాలికి చిన్న రంధ్రాలు తప్పనిసరి. పిచ్చుకలకు పెట్టెలు చేయించే వారిలో చాలామంది ఈ ఒక్కటీ మరచిపోతున్నారు. అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

వసారాలోని మరణాల సంగతి ఇంతకన్నా విచారకరమైనది. పెద్ద పిట్టలు చలాకీగా ఉన్నాయి కనుక ఆకలి అన్న అనుమానం మీకు రాలేదు. కాని పిచ్చుక విషయంలో తల్లిదండ్రుల ఆహారం వేరు, పిల్లల ఆహారం వేరు. పెద్దవి ధాన్యం, నూకలు, గడ్డి గింజలు తిని హాయిగా బతుకుతాయి. పిల్లలకు మాత్రం మొదటి రోజుల్లో గొంగళి పురుగులు, పేనుబంక, చిన్న మిడతలు, సాలీళ్లు వంటివే పెట్టాలి. గింజలను అరిగించుకునే శక్తి వాటికి అప్పటికి ఉండదు. అందువల్ల చూరుకు వరి కుచ్చులు నిండుగా వేలాడుతున్న ఇంట్లోనే, పెద్ద పిట్టలు కడుపునిండా తింటుండగానే, గూట్లో పిల్లలు పస్తులతో చనిపోవడం జరుగుతుంది. గుడ్లన్నీ ఒకే సమయానికి పగలవు. ఆఖరున పుట్టిన పిల్ల తక్కిన వాటికన్నా చిన్నదిగా ఉంటుంది, తిండి తక్కువైనప్పుడు ముందుగా అదే వెనకబడుతుంది. ఒక్కొక్కటిగా పోవడం అన్న మీ మాట దీనికి సరిగ్గా సరిపోతోంది. చనిపోయిన పిల్లను చేతికి తొడుగు వేసుకుని పరిశీలించండి. రొమ్ము మధ్య ఎముక కత్తి అంచులా పైకి తేలి, కడుపు లోపలికి పోయి ఉంటే అది ఆకలి చావే.

ఇది దాళ్వా కోతల తరువాతనే మొదలయిందని మీరే రాశారు. డెల్టాలో ఆ రోజుల్లో పొలాలు ఎండిపోయి ఉంటాయి, మరమ్మతుల కోసం కాలువలకు నీళ్లు ఆపేస్తారు, కొన్నిచోట్ల గడ్డి దుబ్బులను తగులబెడతారు. పచ్చదనం పోతే పురుగూ పోతుంది. పిల్లలకు మేత తెచ్చే పిచ్చుక సాధారణంగా గూటికి కొన్ని వందల మీటర్లు దాటి వెళ్లదు. ఆ కొద్ది మేరలో ఒకప్పుడు వరి గట్లు, పశువుల పాకలు, పెంటకుప్పలు, కూరపాదులు ఉండేవి. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ స్థానంలో చేపల, రొయ్యల చెరువులు, సిమెంటు పరచిన పెరళ్లు వచ్చాయి. మీ చేతిలో ఉన్న పని ఒకటే: పెరట్లో ఒక మూల ఏ మందూ కొట్టని పాదులు పెంచండి. చిక్కుడు పాదుకు పేనుబంక పట్టిందని వెంటనే మందు కొట్టకండి, అది పిచ్చుక పిల్లలకు మొదటి ముద్ద. బెండ, గోంగూర, మందార, కాస్త కోయని గడ్డి, వేసవిలో వాటికి రోజూ ఇన్ని నీళ్లు. వరి కుచ్చు కట్టే ఆచారం చాలా మంచిది, దానిని మానవద్దు. అయితే గూట్లోని పిల్లను కాపాడేది ఈ పచ్చని మూలే.

విషం మాటను కూడా కొట్టివేయలేము. వరి నారుమళ్లలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలను పక్షులు గింజలనుకుని తినడం వల్లనే అమెరికాలో ఆ గుళికల వాడకాన్ని 1990 దశకంలో దాదాపు పూర్తిగా ఆపివేశారు. అయితే విషం తిన్నచోట పెద్ద పిట్టలు కూడా గూటి దగ్గరో కళ్లం దగ్గరో పడి ఉంటాయి. నోటి నుంచి చొంగ కారడం, వణుకు, కాలివేళ్లు బిగుసుకుపోవడం కనిపిస్తాయి. మందు కొట్టిన పురుగులనే తెచ్చి పెట్టినప్పుడు మాత్రం, గూట్లో పిల్లలన్నీ మేత అందిన కొద్ది గంటల్లోనే, కడుపు నిండి ఉండగానే చనిపోవచ్చు. కడుపు నిండుగా ఉందా ఖాళీగా ఉందా అని చూడమనడం అందుకే.

బర్డ్ ఫ్లూ భయం మీ ప్రాంతంలో సహజమే. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో అది బయటపడింది, భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాల పరీక్షలో నిర్ధారణ అయింది. కాని మీ నాటుకోళ్లు, కాకులు, పెద్ద పిచ్చుకలు ఆరోగ్యంగా ఉండగా గూళ్లలోని పిల్లలు మాత్రమే పోతుంటే దానిని ముందుగా అనుమానించవలసిన పని లేదు. కోళ్లు గాని కాకులు గాని గుంపుగా చనిపోతుంటే దేనినీ ముట్టుకోకుండా పశువైద్యాధికారికి కబురు చేయండి.

ఇక మీ అబ్బాయి పక్షుల గురించి. పర్పుల్ మార్టిన్ వానకోయిలల కుటుంబానికి చెందిన పక్షి, ఉత్తర అమెరికాలోని వానకోయిలలన్నిటిలో పెద్దది. చలికాలం దక్షిణ అమెరికాలో గడిపి, వసంతంలో పిల్లలు పెట్టడానికి ఉత్తరానికి తిరిగి వస్తుంది. రాకీ పర్వతాలకు తూర్పున అది దాదాపు పూర్తిగా మనుషులు కట్టిపెట్టే గూళ్ల మీదనే ఆధారపడి ఉంది. సొరకాయ బుర్రలను వేలాడదీసి దానికి చోటిచ్చే అలవాటు అక్కడి ఆదివాసులదే. ఈ పక్షి గింజలు ముట్టదు, ఎగిరే పురుగులను గాలిలోనే పట్టి తింటుంది. కాబట్టి నాలుగైదు రోజులు ఎడతెగని చలివాన పడితే పెద్దవీ పిల్లలూ కలిసే ఆకలితో చస్తాయి. 1972 జూన్‌లో ఆగ్నెస్ తుఫాను వల్ల పెన్సిల్వేనియా ప్రాంతంలో ఆ పక్షులు లెక్కలేనన్ని పోయాయి. కనుక రెండుచోట్లా ఒకే జబ్బు లేదు గాని, ఆకలి, ఎండ అనే రెండు కారణాలు మాత్రం ఉమ్మడివి. టెక్సాస్ ఎండలో గూళ్లకు తెల్లరంగు, నీడ అవసరం. వేడికి తాళలేక ఎగరలేని పిల్లలు ముందే కిందికి దూకేస్తాయి. అక్కడ మరొక కారణం మన పిచ్చుకే. 1850 దశకం ఆరంభంలో న్యూయార్క్‌లో మనుషులు తెచ్చి వదిలిన ఊరపిచ్చుకలు దేశమంతటా వ్యాపించి, మార్టిన్ల గూళ్లలో చొరబడి గుడ్లు పగలగొడతాయి, పిల్లల తలల మీద పొడిచి చంపుతాయి. తలపై గాట్లు ఉన్నాయేమో చూడమని చెప్పండి. గూటి అడుగున నెత్తురు తాగే ఈగల పురుగులు పేరుకుంటే, పిల్లలను కాసేపు జాగ్రత్తగా తీసి, పాత గడ్డి పారవేసి, పొడి గడ్డి పరచి తిరిగి పెట్టడం అక్కడివారు చేసే పని. 1918 నాటి వలసపక్షుల చట్టం ప్రకారం చనిపోయిన మార్టిన్‌ను సైతం అనుమతి లేకుండా దాచుకోకూడదు, కాబట్టి పరీక్షకు ముందు ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖను అడగాలి.

మీరు కూడా అప్పుడే చనిపోయిన పిల్ల దొరికితే రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, ఐసు మీద చల్లగా ఉంచి, గడ్డకట్టనివ్వకుండా, మీ పశువైద్యాధికారి ద్వారా గన్నవరం పశువైద్య కళాశాలకు పంపడం వీలవుతుందేమో ఫోన్ చేసి కనుక్కోండి. కుళ్లిన శరీరం నుంచి ఏమీ తెలియదు.

ప్రశ్న: మాది భీమవరం. మా మేడ మీద పెట్టెలో ఒక పిల్ల గూట్లోనే చిక్కుకుని చనిపోయింది. పెట్టెను ఎన్ని రోజులకొకసారి తెరిచి చూడవచ్చు?

సమాధానం: మీ పిల్ల కాలికి నైలాను దారం చుట్టుకుని ఉంటుంది. చెరువుల మీద పక్షులను ఆపడానికి కట్టే దారాలు, వలల ముక్కలు తెగి గట్ల మీద పడితే పిచ్చుకలు వాటిని గూటికి తెచ్చుకుంటాయి. పిల్ల పెరిగేకొద్దీ ఆ ఉచ్చు కాలిలోకి దిగబడుతుంది. ఇంటి చుట్టూ అటువంటి దారాలను ఏరివేసి, కొబ్బరి పీచు, ఎండుగడ్డి అందుబాటులో ఉంచండి. నాలుగైదు రోజులకొకసారి, తల్లి బయటికి వెళ్లినప్పుడు, ఒక్క నిమిషం తెరిచి చూడవచ్చు. చూసిన తేదీ, గుడ్లు, పిల్లల లెక్క పెట్టె వారీగా రాసుకోండి. పిల్లలకు పన్నెండు రోజులు నిండాక మాత్రం తెరవవద్దు, బెదిరి ముందే దూకుతాయి. అవి పుట్టిన పదిహేను రోజుల ప్రాంతంలో ఎగిరిపోతాయి, ఆ తరువాత పాత గూడు తీసి, పెట్టెను మరిగే నీళ్లతో కడిగి ఎండబెట్టండి.

ప్రశ్న: కింద పడిన పిల్లను మనిషి ముట్టుకుంటే తల్లి చేరనివ్వదంటారు. నిజమేనా? (రాజోలు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: నిజం కాదండి. ఈకలు రాని పిల్ల అయితే గూటిలో తిరిగి పెట్టండి, తల్లి మేత పెడుతుంది. ఈకలు వచ్చి గెంతుతున్నదైతే పిల్లులకు అందని కొమ్మ మీద ఉంచి దూరంగా జరగండి. నోట్లో నీళ్లు పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్ల చనిపోతుంది.